ఊపిరి దగ్గర మొదలుపెట్టండి: ఇంటి అరుగు మీద యోగా నేర్చుకునే పద్ధతి

సార్వా నాట్లు పూర్తయిన వారంలో మా ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కువ. రోజంతా బురదలో వంగి నాట్లు వేసిన ఆడవాళ్లు నడుం పట్టుకుని వచ్చి, "ఏవండీ టీచరుగారూ, నడుం నొప్పికి ఏదైనా ఆసనం చెప్పండి" అని అడుగుతారు. భీమవరం వైపు నుంచి వచ్చే మా బంధువులది ఇంకో బాధ. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా పడుకుని, కరెంటు పోయి చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయేమోనని సగం మెలకువతోనే రాత్రులు గడుపుతారు. "నిద్ర పట్టే ఆసనం ఉందా అక్కా?" అంటారు. తలనొప్పికి ఒక మాత్ర, జ్వరానికి ఒక మాత్ర ఉన్నట్టే ఒక్కో జబ్బుకి ఒక్కో ఆసనం ఉంటుందని అందరి నమ్మకం.

మొదటి రోజు నేను ఎవరికీ ఆసనం చెప్పను. అరుగు మీద చాప వేసి వెల్లకిలా పడుకోమంటాను. మోకాళ్లు మడిచి, పాదాలు నేలకి ఆనించి, ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి గుండెల మీద పెట్టుకోమంటాను. మొన్నటి సార్వాలో వచ్చినావిడ అలా పడుకుంటే చూశాను. గుండెల మీద చెయ్యి పైకీ కిందకీ ఆడుతోంది, పొట్ట మీద చెయ్యి కదలడం లేదు. గడియారం చూసి లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై రెండు ఊపిరులు. ఊరికే ఉన్నప్పుడు పెద్దవాళ్లకి 12 నుంచి 20 మధ్య ఉంటే మామూలు. పొలంలో పొట్ట బిగబట్టి వంగడం అలవాటై, పడుకున్నాక కూడా ఆవిడ పొట్ట వదులు కావడం లేదు. "పొట్ట వదిలెయ్యండి, ఎవరూ చూడట్లేదు" అన్నాను. పది నిమిషాలు పట్టింది. చివరికి పొట్ట మీద చెయ్యి నెమ్మదిగా లేచి దిగడం మొదలైంది. మళ్లీ లెక్కపెడితే పద్నాలుగు.

"ఇంతేనా అండి?" అని అడిగింది.

ఈ పూటకి ఇంతే అని పంపించాను. ఇక్కడ రాసేది కూడా ఆ వరసలోనే ఉంటుంది. ముందు ఊపిరి, తర్వాత కీళ్లు, ఆ తర్వాత ఆసనాలు. ఈ వరస తిరగేసి మొదలుపెట్టినవాళ్లు చాలామంది నెల తిరక్కుండా మానేయడం చూశాను.

యోగా అంటే ఏమిటి

యోగం అనే మాట సంస్కృతంలో "యుజ్" అనే ధాతువు నుంచి వచ్చింది. కలపడం, జోడించడం అని అర్థం. ఎడ్లని కాడికి కట్టడానికి కూడా ఆ ధాతువే వాడతారు. కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఒకటి ముందుకి లాగి ఒకటి పక్కకి లాగితే నాగలి చాలు వంకరపోతుందని మన రైతులకి వేరే చెప్పక్కర్లేదు. ఒళ్లు చాప మీదా మనసు వంటింట్లో పాలమీదా ఉంటే జరిగేది అదే. ఆ రెంటినీ ఒక కాడికి కట్టేది ఊపిరి. ఊపిరి కలవకుండా ఎంత వంగినా అది కసరత్తే అవుతుంది. కసరత్తు మంచిదే, కాకపోతే అది వేరే పని.

పతంజలి యోగసూత్రాల్లో రెండో సూత్రం "యోగశ్చిత్తవృత్తి నిరోధః". చిత్తంలో లేచే అలలని నిరోధించడమే యోగమని. ఈ నిరోధం అనే మాట చాలామందిని భయపెడుతుంది. ఆలోచనలన్నీ ఆపేయాలనుకుంటారు. కళ్లు మూసుకోగానే ఇంటి అప్పు, పిల్లాడి ఫీజు గుర్తొచ్చేసరికి మనవల్ల కాదని లేచిపోతారు. నేను వాళ్లకి ధవళేశ్వరం సంగతి చెబుతాను. అక్కడ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకుముందు ఇదే గోదావరి ఒక ఏడు ఊళ్లు ముంచేది, ఇంకో ఏడు పక్కనే పారుతున్నా చేలు ఎండేవి. ఆనకట్ట నదిని ఆపలేదు. నీటిని కాలువల్లోకి మళ్లించింది. లాకుల దగ్గర లస్కరు తలుపు ఎంత ఎత్తాలో అంతే ఎత్తుతాడు, ఏ చేనికి ఎంత కావాలో అంతే వెళుతుంది. మనసు విషయంలో నిరోధం అంటే నాకు అర్థమైంది ఇదే. ఆలోచన వస్తుంది. దాన్ని ఎంతవరకు రానివ్వాలో తెలియడం సాధన.

పతంజలి చెప్పిన అంగాలు ఎనిమిది: యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి. ఆసనం మూడోది. మొత్తం 195 సూత్రాలు, కొన్ని ప్రతుల్లో 196. అందులో ఆసనం గురించి ఉన్నవి మూడే మూడు. మొదటిది "స్థిరసుఖమాసనం". కదలకుండా, హాయిగా ఉండగలిగితే అదే ఆసనం. పళ్లు బిగబట్టి, ముఖం ఎర్రబడేలా కాళ్లు ముట్టుకుంటే ఈ సూత్రం ప్రకారం అది ఆసనం కాదు. ఇవాళ మనం చూసే ఆసనాలు చాలావరకు ఆ తర్వాత కాలంలో హఠయోగంలో పెరిగినవి. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక అనే గ్రంథంలో కూడా వివరించినవి పదిహేనే. కాబట్టి వంద ఆసనాలు రావేమోనన్న బెంగ అక్కర్లేదు. ఎనిమిది వస్తే ఇంటిల్లిపాదికీ చాలు.

మొదలుపెట్టే ముందు: ఒంటి సంగతి తెలుసుకోండి

ఈ భాగం దాటేసి ఆసనాల దగ్గరికి వెళ్లొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. చాలా ఏళ్ల కిందట నేను ఒక శిబిరంలో చేరాను. రెండో రోజే కపాలభాతి, అంటే పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి విసురుగా వదలడం, వేగంగా, వరసగా వందకి పైగా చేయించారు. నాకు బీపీ ఉందని అప్పటికి నాకే తెలియదు. చేరేటప్పుడు ఎవరూ అడగలేదు. లేచి నిలబడేసరికి కళ్లు తిరిగి పడిపోయాను. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది కానీ, మెట్ల దగ్గర పడి ఉంటే ఏమయ్యేదో. ఆ తర్వాత రెండేళ్లు యోగా పేరెత్తలేదు. ఆ రెండేళ్ల నడుం నొప్పి నేను అనవసరంగా భరించాను.

అందుకని ముందు ఊళ్లో హెల్త్ క్లినిక్‌లోనో, దగ్గర్లోని ఆసుపత్రిలోనో బీపీ, షుగరు చూపించుకోండి. బీపీ ఎక్కువ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు కపాలభాతి, కొలిమి తిత్తిలా ఊపిరి వేగంగా పీల్చి వదిలే భస్త్రిక చేయకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. కంట్లో నీటి ఒత్తిడి, అంటే గ్లాకోమా, ఉన్నవాళ్లు తల కిందకి వెళ్లే ఆసనాలు పూర్తిగా మానాలి. నడుం నొప్పి కాల్లోకి జారి తిమ్మిరెక్కుతుంటే, కాలిలో పట్టు తగ్గితే యోగా కంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. శీర్షాసనం ఎవరూ వీడియో చూసి వేయవద్దు. మెడ ఎముకలు తల బరువు మోయడానికి ఉన్నాయి, ఒళ్లంతా మోయడానికి కాదు.

మాత్రలు వాడుతున్నవాళ్లు యోగా మొదలుపెట్టామని మాత్ర మానకూడదు. తగ్గించేది డాక్టరు.

చోటు, వేళ, చాప

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చోటు చాలు. అరుగు, హాలు, డాబా, ఏదైనా పర్వాలేదు. వర్షాకాలంలో మాత్రం డాబా వద్దు. మన వైపు నాలుగు వానలు పడితే డాబా మీద పాచి పడుతుంది, ఒంటికాలి మీద నిలబడితే జారడం ఖాయం. వేసవిలో అదే డాబా హాయిగా ఉంటుంది, ఆరున్నర లోపల దిగిపోవాలి.

యోగా మ్యాట్ కొనాల్సిన పని లేదు. తుంగచాప మీద దుప్పటి రెండు మడతలు వేసుకుంటే పడుకుని చేసేవన్నీ చేయొచ్చు. నిలబడి చేసేవి మాత్రం చాప తీసేసి ఉత్త నేల మీద చేయండి. మన ఉక్కపోతకి అరికాళ్లు చెమటపడతాయి, సిమెంటు గచ్చు మీద చాప జారుతుంది. పక్కన చిన్న తువ్వాలు పెట్టుకోండి. దోమల బాధ ఉంటే ముందే పొగ వేసి, పొగ పోయాక కూర్చోండి. దోమల కాయిల్ పక్కన పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చడం మంచిది కాదు.

తెల్లవారుజామున చేయగలిగితే మంచిది. పాలు పితకాల్సినవాళ్లు, పిల్లల్ని బస్సెక్కించాల్సినవాళ్లు సాయంత్రం చేసుకోండి. వేళ ఏదైనా రోజూ ఒకటే అయితే ఒళ్లు అలవాటుపడుతుంది. కడుపు ఖాళీగా ఉండాలి. భోజనం చేస్తే మూడు గంటలు, టిఫిన్ అయితే రెండు గంటలు ఆగాలి. గ్లాసు మంచినీళ్లు తాగి మొదలుపెట్టొచ్చు. పొద్దున్నే కాఫీ లేనిదే కదలలేమనేవాళ్లు అర కప్పు తాగి అరగంట ఆగండి. దాని కోసం యోగా మానేయడం కంటే అది నయం.

మొదటి వారం: ఊపిరి ఒక్కటే

పైన చెప్పినట్టు వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడవడం ముఖ్యం. కాళ్లు చాపితే నడుం నేల నుంచి లేస్తుంది, నొప్పి ఉన్నవాళ్లకి పొట్ట వదులు కాదు. తల కింద పల్చటి మడత దుప్పటి పెట్టుకోవచ్చు.

ముక్కుతోనే పీల్చి, ముక్కుతోనే వదలండి. పీల్చేటప్పుడు పొట్ట మీద చెయ్యి పైకి రావాలి, వదిలేటప్పుడు దిగాలి. గుండెల మీద చెయ్యి ఇంచుమించు కదలకూడదు. బలవంతంగా పొట్ట ఉబ్బించకండి. అలా చేస్తే కండరాలు బిగుస్తాయి, మనకి కావలసింది దానికి వ్యతిరేకం. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే డయాఫ్రం అనే కండరం కిందకి దిగితే పొట్ట దానంతట అదే లేస్తుంది.

ఇది రెండు మూడు రోజుల్లో కుదురుతుంది. అప్పుడు లెక్క మొదలుపెట్టండి. మూడు అంకెలు పీల్చి, నాలుగు అంకెలు వదలండి. కుదిరాక నాలుగు పీల్చి ఆరు వదలండి. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. కారణం ఏమిటంటే, ఊపిరి వదులుతున్నప్పుడు వేగస్ అనే నాడి పని పెరిగి గుండె వేగం కొంచెం తగ్గుతుంది. మీరే చూసుకోవచ్చు. మణికట్టు మీద నాడి పట్టుకుని నెమ్మదిగా పీల్చండి, నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకోవడం చాలామందికి వేలికి తెలుస్తుంది. టెన్షన్‌లో ఉన్న మనిషికి "స్థిమితపడు" అని వందసార్లు చెప్పే బదులు ఇది ఒకసారి చూపిస్తే చాలు. ఒక్కో అంకెకి ఒక సెకను చొప్పున నాలుగు పీల్చి ఆరు వదిలితే నిమిషానికి ఆరు ఊపిరులు అవుతాయి. మొదటి వారంలోనే అక్కడికి చేరాలని పట్టుపట్టకండి. ఆయాసం వచ్చినా, తల తేలిపోయినట్టున్నా మామూలుగా ఊపిరి తీసుకోండి.

రోజుకి పది నిమిషాలు. ఏడు రోజులూ ఇదొక్కటే. ఈ వారం చప్పగా ఉంటుందని నాకు తెలుసు. అయినా ఇదే తర్వాత అన్నిటికీ పునాది.

రెండో వారం: కీళ్లు వదులు చేసుకోవడం

ఊపిరి ఐదు నిమిషాలకి తగ్గించి, కీళ్లకి పది నిమిషాలు ఇవ్వండి. కాళ్లు చాపి కూర్చుని కాలివేళ్లు మడిచి విప్పడం, చీలమండలు తిప్పడం, మోకాలు మడిచి చాపడం, మణికట్లు, మోచేతులు, భుజాలు తిప్పడం. ఒక్కోటి ఎనిమిది పదిసార్లు. మెడ మాత్రం గుండ్రంగా తిప్పకండి. కుడికి, ఎడమకి, ముందుకి, నెమ్మదిగా విడివిడిగా. నేల మీద కూర్చోలేని పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుని ఇవన్నీ చేసుకోవచ్చు. మా వీధిలో మామ్మగారు ఒకావిడ వాలుకుర్చీ పక్కన పెట్టేసి చెక్క కుర్చీలో చేస్తారు. వాలుకుర్చీలో వీపు నిలవదు.

మూడో వారం నుంచి: ఆసనాలు

ఒక్కటే నియమం. ఒళ్లు పైకి లేచేటప్పుడు, వెనక్కి వాలేటప్పుడు ఊపిరి పీల్చాలి. ముందుకి వంగేటప్పుడు, పొట్ట నొక్కుకునేటప్పుడు వదలాలి. ఆసనంలో ఆగినప్పుడు మామూలుగా తీసుకోవాలి. ఊపిరి ఆగిందంటే మీరు ఎక్కువ వంగారని గుర్తు, కొంచెం వెనక్కి రండి.

తాడాసనం. నిలబడటమే కదా అనిపిస్తుంది. పాదాలు నాలుగు వేళ్ల ఎడంలో పెట్టి కళ్లు మూసుకుని చూడండి, బరువు ఎక్కడుంది? చాలామందికి మడమల మీదే ఉంటుంది. ఒక కాలి మీద ఎక్కువ ఆనడం కూడా చూస్తాను, సంచులు మోసేవాళ్లు, బిడ్డని ఒకే చంక వేసుకునేవాళ్లు అలా నిలబడతారు. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ, ఈ మూడు చోట్లా బరువు సమానంగా పడేలా సర్దుకోండి. తర్వాత ఊపిరి పీలుస్తూ చేతులు పైకెత్తి, వేళ్లు కలిపి, మడమలు లేపండి. మూడు ఊపిరులు ఆగి దిగండి. ఐదుసార్లు. తూలేవాళ్లు గోడ పక్కన నిలబడండి, మడమలు లేపకపోయినా తప్పులేదు.

మార్జాలాసనం. చేతులు, మోకాళ్లు నేలకి ఆనించి బల్లలా ఉండాలి. పీలుస్తూ నడుం కిందకి, తల పైకి. వదులుతూ వీపు పైకి గుండ్రంగా, తల కిందకి. పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు. పదిసార్లు. నడుం నొప్పి ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. వెన్నెముక మీద బరువు లేకుండా దాన్ని అటూ ఇటూ కదిలిస్తుంది. మోకాళ్ల కింద దుప్పటి మడత పెట్టుకోండి.

భుజంగాసనం. బోర్లా పడుకుని అరచేతులు రొమ్ము పక్కన నేలకి ఆనించి, పీలుస్తూ తల, రొమ్ము లేపాలి. బొడ్డు నేలకే ఉండాలి. చేతులతో తోసుకుని పైకి లేవకండి, వీపు కండరాలు లేపినంత ఎత్తే చాలు. మొదట్లో అది నాలుగు అంగుళాలే ఉంటుంది. నాట్లు వేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, కుట్టుమిషన్ మీద, కంప్యూటర్ ముందు గంటలకొద్దీ ముందుకి వంగే ప్రతి ఒక్కరికీ ఇది అవసరం. రోజంతా ఒకే వైపు వంగిన వెన్నుని రోజుకి రెండు నిమిషాలైనా రెండో వైపు వంచాలి. పొలంలో బోర్లా పడుకోలేరు కాబట్టి వాళ్లకి నిలబడి చేసేది నేర్పిస్తాను. గంటకోసారి గట్టెక్కి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, ఊపిరి పీలుస్తూ కొద్దిగా వెనక్కి వాలడం. ఐదుసార్లు. గర్భిణులు బోర్లా పడుకునేవి ఏవీ చేయకూడదు.

సేతుబంధాసనం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పీలుస్తూ పిరుదులు, నడుం పైకి లేపాలి. మూడు నాలుగు ఊపిరులు ఆగి, వదులుతూ వెన్నుపూసలు ఒక్కొక్కటీ నేలకి తగిలేలా దిగాలి. దిగడం నిదానంగా ఉండాలి, ఈ ఆసనం ఫలితం అంతా అందులోనే ఉంది. తర్వాత పవనముక్తాసనం: ఒక మోకాలు పొట్టకి హత్తుకుని ఐదు ఊపిరులు, రెండోది, తర్వాత రెండూ కలిపి. గ్యాస్, మలబద్ధకం ఉన్నవాళ్లు దీన్ని వదలకండి.

మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం భోజనం తర్వాత కూడా వేసుకోవచ్చని అందరికీ తెలుసు. మోకాళ్లు అరిగినవాళ్లకి మాత్రం అది వద్దు. పట్టుదలకి పోయి కూర్చుంటే నొప్పి పెరుగుతుంది. వాళ్లు పీట మీద కూర్చుంటే చాలు.

సూర్యనమస్కారాలు ఎప్పుడు

నెల దాటాక. పన్నెండు స్థితులు వరసగా ఉంటాయి: నమస్కారం, చేతులెత్తి వెనక్కి వాలడం, వంగి పాదాలు తాకడం, ఒక కాలు వెనక్కి, రెండో కాలు వెనక్కి, సాష్టాంగం, భుజంగాసనం, నడుం పైకెత్తి పర్వతాసనం, మళ్లీ ఒక కాలు ముందుకి, వంగడం, లేచి వాలడం, నమస్కారం. రోజుకి రెండుతో మొదలుపెట్టి వారానికి ఒకటి చొప్పున పెంచండి. వంగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా మడవండి. పాదాలు అందకపోతే మోకాళ్ల దగ్గరే ఆగండి. పోటీ పడి నూట ఎనిమిది చేసి మర్నాడు లేవలేకపోయిన కుర్రాళ్లని చూశాను. ఊపిరి కలిపి చేసిన ఆరు దానికంటే ఎంతో మేలు.

ప్రాణాయామం

నాడీశోధన ఒకటి, భ్రామరి ఒకటి చాలు. నాడీశోధనకి వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమ ముక్కుతో పీల్చండి. ఉంగరపు వేలితో ఎడమ ముక్కు మూసి కుడితో వదలండి. కుడితోనే పీల్చి ఎడమతో వదలండి. అది ఒక చుట్టు. ఆరు చుట్లు. మధ్యలో ఊపిరి బిగబట్టే కుంభకం గురువు ఎదురుగా ఉండి నేర్పితే తప్ప చేయకండి. జలుబుతో ముక్కు మూసుకుపోయిన రోజు ఇది మానేయండి.

భ్రామరిలో ఊపిరి వదులుతూ పెదవులు మూసి తుమ్మెదలా "మ్..." అంటారు. నుదుటి దగ్గర, దవడల్లో ఆ కంపనం తెలుస్తుంది. ఏడుసార్లు. చెరువు గట్టు మీద నిద్రపట్టని మా తమ్ముడికి నేను చెప్పింది ఇదీ, మొదటి వారం ఊపిరీ. రాత్రి ఫోన్ పక్కన పెట్టి, మంచం మీద పడుకుని, నాలుగు పీల్చి ఆరు వదిలే ఊపిరి పావుగంట. చెరువు మీద బెంగ దానివల్ల పోలేదు. ఏరేటర్ చప్పుడు ఆగితే అతనికి ఇప్పటికీ మెలకువ వస్తుంది. కాకపోతే మోటారు వేసి వచ్చాక మళ్లీ నిద్ర పడుతోంది, అంతకుముందు తెల్లారేదాకా పట్టేది కాదు.

శవాసనం, ఆ తర్వాత కాసేపు

చివర్లో ఐదు నిమిషాలు శవాసనం తప్పకుండా వేయాలి. టైం లేదని ఎగ్గొట్టేది ఎక్కువగా దీన్నే. వెల్లకిలా పడుకుని కాళ్లు ఎడం చేసి, అరచేతులు పైకి పెట్టి, పాదాల నుంచి నుదుటి దాకా ఒక్కో చోటుని గమనిస్తూ వదులు చేయండి. దవడ, నాలుక, కనుబొమల మధ్య, ఈ మూడు చోట్లా బిగువు దాక్కుని ఉంటుంది. లేచేటప్పుడు కుడివైపుకి ఒత్తిగిలి చేతి ఆసరాతో లేవండి.

అలవాటయ్యాక లేచి కూర్చుని ఐదు నిమిషాలు ఊపిరి వచ్చేదీ పోయేదీ ముక్కు కొసన గమనించండి. ఆలోచన వస్తుంది. వచ్చిందని తెలిసిన వెంటనే మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. ఐదు నిమిషాల్లో యాభైసార్లు తప్పిపోయి యాభైసార్లు తిరిగొస్తే అది మంచి ధ్యానమే. లస్కరు పని రోజుకి ఒక్కసారి తలుపు ఎత్తేసి వెళ్లిపోయేది కాదు కదా.

ఏ ఫలితం ఎప్పుడు

రెండు వారాల్లో నిద్ర, కోపం, ఈ రెంటిలో తేడా ఇంట్లోవాళ్లకి ముందు తెలుస్తుంది. నెలన్నర, రెండు నెలలకి ఒళ్లు వంగుతుంది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గుతుంది. చాలాకాలంగా ఉన్న నడుం నొప్పికి యోగా పనికొస్తుందని వైద్యులు కూడా ఒప్పుకుంటున్నారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక నడుం నొప్పికి ముందు ప్రయత్నించాల్సిన మందులు లేని పద్ధతుల్లో యోగా ఉంది. బీపీ, షుగరు ఉన్నవాళ్లకి మందులతోపాటు చేస్తే అదుపుకి సాయపడుతుంది. పెద్దవాళ్లకి నిలకడ పెరిగి, బాత్రూంలో, కాలువ రేవులో తూలిపడే భయం తగ్గుతుంది. నా దృష్టిలో యోగా చేసే మేలుల్లో పెద్దది ఇదే, ఎందుకో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

యోగాతో కానివీ ఉన్నాయి. క్యాన్సర్ తగ్గిపోతుందని, థైరాయిడ్ మాత్ర అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, పైన పూతరేకులు తిని, అరగంట ఆసనాలు వేస్తే షుగరు దిగదు. ఆసనాలతోపాటు నడక కూడా కావాలి. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనకి ఏటిగట్టు ఉంది, కాలువ గట్లు ఉన్నాయి, కొబ్బరి తోటల నీడ ఉంది. ఇంతకంటే మంచి నడక దారి పట్నంలో డబ్బు పెట్టినా దొరకదు.

జూన్ 21 వచ్చిందంటే కాలేజీ మైదానాల్లో, ఘాట్ల దగ్గర వందలమంది చాపలు పరుస్తారు. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న ఆ రోజుని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది, 2015 నుంచి జరుపుతున్నారు. వెళ్లండి, నలుగురితో కలిసి చేస్తే ఉత్సాహం వస్తుంది. 22న కూడా అదే వేళకి చాప వేసుకోండి.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోతుంది. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంక ఊళ్లలోవాళ్లు సామాను సర్దుకుని గట్టెక్కాల్సి వస్తుంది, యోగా గుర్తుండదు. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. జ్వరం వస్తే పూర్తిగా తగ్గేదాకా విశ్రాంతే తీసుకోవాలి. బహిష్టు రోజుల్లో ఇబ్బందిగా ఉంటే ఊపిరి, శవాసనం మాత్రం చేసుకోండి, ఓపిక ఉంటే తేలిక ఆసనాలు వేసినా తప్పులేదు. రెండు మూడు రోజులు పోతే ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. పది రోజులు దాటితే పాత లెక్క పట్టుకుని పన్నెండు సూర్యనమస్కారాలకి దూకకండి, కండరం పట్టేస్తుంది. చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి, మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఊపిరికి ఎంత కదులుతోందో చూసుకోండి.